చప్పుడు లేని బాల్కనీ గది

ఇల్లు, వంటింటి బల్ల
ఫిబ్రవరి 3

గంటకి,

మీ వదిన రాస్తున్నాను. కవరు మీద నా రాత చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే ఎవరున్నారు గనక, నేనూ మీ అన్నయ్యానూ.

నీతో ఒక పని పడింది. పద్నాలుగేళ్ళుగా ఓడల్లో గదులు సర్దుతున్నావు కదా, మాకో గది చూసిపెట్టాలి. ఏప్రిల్‌లో పది రోజులు ఓడ మీద తిరిగొద్దామనుకుంటున్నాం. నవ్వకు. పెళ్ళైన కొత్తలో చెరువులో పడవ ఎక్కించబోతే గట్టు పట్టుకుని వదలని మనిషేనా ఈయన అంటావు. ఆయనే. ఈ మాట ఎత్తిందీ ఆయనే.

నువ్వు ఇదివరకు పనిచేసిన ఓడ, ఆ రెండు పొగగొట్టాల తెల్ల ఓడే కావాలిట. గదికి బాల్కనీ ఉండాలి. చప్పుడు ఉండకూడదు. తక్కువ చప్పుడు అని కాదు, అసలు ఉండకూడదు. ఏ గది ఎలా ఉంటుందో టిక్కెట్లు అమ్మేవాళ్ళకి తెలియదు, దుప్పట్లు మార్చేవాళ్ళకే తెలుస్తుందని నువ్వే అంటుంటావు.

జవాబు ఇంటికి రాయకు. నేను బట్టలు కుట్టే కొట్టు అడ్రసు కింద ఉంది, అక్కడికి రాయి.

మీ వదిన

*

ఓడ, ఆరో అంతస్తు, దుప్పట్ల గది
ఫిబ్రవరి 21

వదినా,

నవ్వకు అన్నావు కదా, అందుకే బాగా నవ్వాను. దుప్పట్ల బీరువాకి ఆనుకుని ఒక్కదాన్నే నవ్వుతుంటే మా ఇస్త్రీ ఆవిడ తొంగి చూసి వెళ్ళింది. అన్నయ్య ఓడెక్కడమా! పైగా తనంతట తాను!

సరే, విను. ఈ విషయంలో నా అంత గొప్పది ఎక్కడా దొరకదు. గది పైనా కిందా కూడా గదులే ఉండాలి. పైన ఈతకొలను ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడుస్తారు, నీ నెత్తి మీదే ఈడ్చినట్టుంటుంది. కింద నాటకాల హాలు ఉంటే డప్పులు మంచం కోళ్ళలోంచి వస్తాయి. ఓడ ముందు భాగంలో లంగరు గొలుసు, వెనక భాగంలో ఇంజను వణుకు. లిఫ్టు దగ్గర వద్దు. పక్కగదికి మధ్య తలుపున్న గది అస్సలు వద్దు, పక్కాయన తుమ్మితే నువ్వు చిరంజీవ అనాల్సి వస్తుంది. తొమ్మిదో అంతస్తు వైపు పొరపాటున కూడా వెళ్ళకు, పైన డాన్సు హాలు.

ఆ ఓడలో ఒకే ఒక్క గది ఉంది వదినా. ఏడో అంతస్తు, సరిగ్గా నడిమిన, 7114. అక్కడ బాల్కనీలో కూర్చుంటే నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. నేను వేరే ఓడకి మారిపోయాను గానీ అక్కడి బుకింగులో నా స్నేహితురాలు ఇంకా ఉంది. అడిగితే కాదనదు.

కానీ ఇంటికి రాయొద్దని ఎందుకన్నావు? ఇద్దరూ పోట్లాడుకున్నారా? అన్నయ్య ఏమైనా అలిగాడా? నా దగ్గర దాచకు, నాకు రాత్రి అన్నం సహించదు.

మీ గంట

*

కొట్టు, కత్తిరింపు బల్ల
మార్చి 9

గంటకి,

7114 ఖాయం చెయ్యి. మంచిదానివి.

పోట్లాట ఏమీ లేదు. పోట్లాడుకోవడానికి మాటలుండాలి కదా. ఆయన ఈమధ్య ఎక్కువ మాట్లాడటం లేదు. ఇంట్లో కుట్టుమిషనుకి గుడ్డ కప్పేశాను, చేత్తోనే కుట్టుకుంటున్నాను. ఫోను తీగ కూడా పీకేశాం. ప్రశాంతంగా ఉంది.

మరికొన్ని సంగతులు కనుక్కో. బాల్కనీ రెయిలింగు ఎంత ఎత్తు? నిలబడితే నడుము దాకా వస్తుందా, ఛాతీ దాకానా? పక్క బాల్కనీ వాళ్ళకి మనం కనబడతామా? కనబడకూడదని ఆయన కోరిక. గది శుభ్రం చెయ్యడానికి రోజూ మనిషి రావాలా, పది రోజులూ రావద్దంటే ఊరుకుంటారా? ఎవ్వరూ తలుపు తట్టకూడదు. ఇది ముఖ్యం.

ఆయన పియానోల కొట్టుకి వెళ్ళడం మానేశాడు. శ్రుతి చేసే తాళాలు, సుత్తులు, ఆ పాత తోలుసంచీతో సహా తీగలు బిగించే ఆవిడకి ఇచ్చేసి వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు భుజాన మోసిన సంచీ. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. నేనేమీ అడగలేదు.

నువ్వూ అడగకు. ఉన్నదంతా చెప్పేస్తానని నాకే భయంగా ఉంది.

మీ వదిన

*

ఓడ, ఆరో అంతస్తు
మార్చి 26

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రేవులో దిగి ఇంటికి ఫోను చేశాను. ఈ నంబరు పనిచెయ్యడం లేదంది. ఫోను తీగ పీకేశామని నువ్వే రాశావుగా, ఆ సంగతి మర్చిపోయి నాలుగుసార్లు చేశాను.

నీకో విషయం చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు, అన్నయ్యకి కూడా. నోట్లో నువ్వుగింజ నానదని మీరిద్దరూ నన్ను ఆటపట్టిస్తారు గానీ, ఇది ఆరేళ్ళుగా నానుతోంది.

ఆ తెల్ల ఓడలో ఒక పెద్దాయన ఎక్కాడు. ఒంటరి మనిషి. చాలా మర్యాదస్థుడు. గది మార్చమని నన్నే అడిగాడు. చప్పుడు ఉండకూడదమ్మా అన్నాడు. పక్కవాళ్ళకి కనబడకూడదు, ఎవ్వరూ తలుపు తట్టకూడదు అన్నాడు. ఎంత నెమ్మదైన మనిషి అని ముచ్చటపడి, నేనే బతిమాలి 7114 ఇప్పించాను. మర్నాడు పొద్దున వెళ్తే పక్క సర్ది ఉంది. దుప్పటి మూలలు నేను మడిచినట్టే మడిచాడు, నాకు పని తగ్గిద్దామని కాబోలు. బాల్కనీ తలుపు తీసి ఉంది. చెప్పులు గోడవారగా, జతగా పెట్టి ఉన్నాయి.

ఇంక రాయలేను వదినా. ఆ గది ఇప్పించింది నేను.

ఇప్పుడు నువ్వు అవే మూడు మాటలు రాశావు. రెయిలింగు ఎత్తు కూడా అడిగావు. సంచీ ఇచ్చేశాడన్నావు. నీ కాళ్ళు పట్టుకుంటాను, నిజం చెప్పు. అన్నయ్య ఏం ఆలోచిస్తున్నాడు? నీకు తెలిసే ఇదంతా చేస్తున్నావా, తెలియకనా?

గంట

*

కొట్టు
ఏప్రిల్ 4

గంటకి,

ఏం రాతలివి? కొట్టులో నలుగురి మధ్య కూర్చుని చదివాను, నా మొహం చూసి యజమానురాలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ పెద్దాయన సంగతి చదివి నీ మీద జాలేసింది. అది వేరు. కానీ మీ అన్నయ్య ఎవరనుకున్నావు? నేనెవరిననుకున్నావు? పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకుంటానా?

ఆయన బాగానే ఉన్నాడు. ఒక కారణం ఉంది. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు, ముఖ్యంగా నీకు. ఇంతకుమించి అడగకు. ఏప్రిల్ 22న ఓడ బయలుదేరుతుంది. 7114 ఇప్పిస్తావా, లేదా? లేకపోతే చెప్పు, నేనే వెళ్ళి టిక్కెట్ల వాళ్ళ ముందు నిలబడతాను.

మీ వదిన

*

ఓడ
ఏప్రిల్ 12

వదినా,

7114 ఎవరో ముందే తీసుకున్నారట. తొమ్మిదో అంతస్తులో 9032 దొరికింది. ఇదీ ప్రశాంతంగానే ఉంటుంది. డాన్సు హాలు పోయిన ఏడాది తీసేశారట, ఇప్పుడు అక్కడ పుస్తకాల గది పెట్టారట. బాల్కనీ ఇంకా పెద్దది. పక్కనే నా పాత స్నేహితురాలు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, గదుల పని చూస్తుంది. ఏం కావాలన్నా ఆవిడని అడగండి.

అన్నయ్యని ఒక్కసారి నాకు రాయమను. రెండు లైన్లు చాలు.

గంట

*

రేవు, ప్రయాణికులు ఆగే హాలు
ఏప్రిల్ 22

గంటకి,

ఇంకో గంటలో ఓడెక్కుతాం. ఆయన నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళాడు. ఒట్టు తీసి గట్టున పెట్టేస్తున్నాను. నువ్వు అంత భయపడుతుంటే ఇంకా దాచడం పాపం అనిపించింది.

ఆయనకి చెవులు పోతున్నాయి. ఎడమది శీతాకాలంలోనే పోయింది. కుడిది వేసవి దాటదని డాక్టరు చెప్పాడు. మిగిలిన ఆ కాస్త కూడా ఎలా ఉందంటే, మామూలు మాట వినబడదు, పళ్ళెం కింద పడితే మాత్రం సూదులు గుచ్చినట్టు విలవిల్లాడతాడు. మిషను అందుకే కప్పాను. ఫోను తీగ అందుకే పీకాను. తలుపు తట్టొద్దన్నది అందుకే. రెయిలింగు ఎత్తు నా కోసం అడిగాను. ఆ జబ్బుతో ఆయనకి తూలు వస్తోంది, పట్టుకోవడానికి గట్టిగా ఏమైనా ఉంటుందో లేదోనని.

నీకెందుకు చెప్పొద్దన్నాడో తెలుసా? చిన్నప్పుడు నిన్ను గంట అని పిలిచింది ఆయనే కదా. నీ గొంతు వినబడని రోజు వస్తుందని నీకు తెలిస్తే, ఆ పిల్ల మాట్లాడటం మానేస్తుందే అన్నాడు.

డాక్టరు గదిలోంచి బయటికొచ్చి ఆయనన్న మొదటి మాట ఇది: "ముప్పై ఏళ్ళు తప్పు స్వరాలే విన్నాను. శ్రుతి చెయ్యక్కర్లేని చప్పుడు ఒక్కటి విని ఆపేస్తాను." సముద్రం అన్నమాట. పది రోజులూ బాల్కనీలో పక్కపక్కన కూర్చుని ఆ ఒక్కటీ వినాలని. అంతే. ఇందులో భయపడాల్సింది ఏముంది చెప్పు.

వస్తున్నాడు. ఉంటాను. గది చూసిపెట్టినందుకు నీ మేలు మర్చిపోను.

మీ వదిన

*

ఓడ, దుప్పట్ల గది
ఏప్రిల్ 28

వదినా,

నీ ఉత్తరం ఇవాళ రేవులో అందింది. మీరు ఓడెక్కి ఆరు రోజులైంది. ఇది చేరేసరికి దిగి ఇంటికి వెళ్ళి ఉంటారు. అన్నీ తెలిసిపోయి ఉంటాయి.

అబద్ధం ఆడాను. 7114 అప్పుడు ఖాళీగానే ఉంది. డాన్సు హాలు ఎక్కడికీ పోలేదు, మీ నెత్తి మీదే ఉంది. 9032 బాల్కనీ ముందుకి పొడుచుకుని ఉంటుంది, పై నడవాలో నడిచే ప్రతివాడికీ కనబడుతుంది. అందుకే అది ఇప్పించాను. అక్కడ మనిషి ఒంటరిగా ఉండలేడు. పెద్దమ్మకి కూడా చెప్పాను, రెండు గంటలకోసారి ఏదో వంకతో తలుపు తట్టి మనిషిని కళ్ళారా చూసి రమ్మని.

ఇవాళ ఇక్కడి ఆఫీసుకి పరిగెత్తి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆ ఓడకి సందేశం పంపారు. దారిలో రేవుల్లో జనం ఎక్కి ఒక్క గది కూడా ఖాళీ లేదని జవాబొచ్చింది. కనీసం తలుపు తట్టొద్దని పెద్దమ్మకి చెప్పమన్నాను. అది చేరిందో లేదో.

నా అన్నయ్య ప్రాణం కాపాడుతున్నాననుకున్నాను వదినా. ఆయనకి మిగిలిన ఆ కాస్త చెవినీ కుర్చీల ఈడ్పుల్లో పోశాను. తిట్టు. కడుపారా తిట్టు.

గంట

*

ఇల్లు, వంటింటి బల్ల
మే 11

ఎలా పిలవాలో తెలియడం లేదు.

తువ్వాళ్ళ లెక్క చెప్పనా? మీ పెద్దమ్మ రోజంతా తువ్వాళ్ళు తెస్తూనే ఉంది. వద్దంటే సబ్బు తెచ్చింది. సబ్బు వద్దంటే నీళ్ళ కూజా తెచ్చింది. కూజా వద్దంటే గుమ్మంలో నిలబడి ఆయన్ని ఎగాదిగా చూసి "అయ్యగారు కులాసాయేనా" అంది. తట్టిన ప్రతిసారీ ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని ముడుచుకుపోయేవాడు. దిగే రోజుకి బీరువాలో నలభై తువ్వాళ్ళు. ఏడో రోజున తట్టడం ఆగింది. అప్పటికి ఏం మిగిలింది?

మొదటి సాయంత్రం బాల్కనీలో రెండు కుర్చీలు వేసి కూర్చున్నాం. నీళ్ళు కనబడుతున్నాయి. పైన వాయిద్యాలు మొదలయ్యాయి. తర్వాత కాళ్ళ దరువు. తర్వాత కుర్చీలు. ఆయన నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

రెండో రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి గదిలో లేడు. పై హాల్లో పియానో తప్పు మోగుతోందని ఒళ్ళు మండి, వాళ్ళ మీదికి పోట్లాటకి వెళ్ళాడు. ఇంక దిగి రాలేదు. అన్నం వేళకి నేనే వెళ్ళి పిలవాల్సి వచ్చింది. ఆ డబ్బా పియానో దగ్గర ఏడు రోజులు కూర్చున్నాడు గంటా! బాల్కనీలో రెండు కుర్చీలు, ఒకదాంట్లో నేను. ఆ సముద్రం ఎవరికి కావాలి నాకొక్కదానికి?

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కుడిచెవి కూడా పోయింది. హాల్లోనే. నేను పక్కన కూడా లేను. ఆయన ఆఖరిసారిగా ఏం విన్నాడో నాకు తెలియదు. సముద్రం మాత్రం కాదు.

నువ్వు చెడ్డదానివని అనడం లేదు. కానీ ఆ ఒక్కటే అడిగాను నిన్ను. కోడలిగా ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఇంకేం అడిగాను? నోరున్నదానివి కదా, ఏం సమాధానం చెప్తావో చెప్పు.

వదిన

*

ఇల్లు, కిటికీ పక్క
మే 13

గంటమ్మా,

మీ వదిన కొట్టుకి వెళ్ళింది. ఈ ఉత్తరం సంగతి తనకి తెలియదు, తెలియకూడదు.

నువ్వు గది మార్చావని నాకు మొదటి రోజే తెలుసు. నీలాంటిది పొరపాటున కూడా డాన్సు హాలు కింద గది ఇప్పించదు. ఎందుకు చేశావో కూడా అర్థమైంది. ఆ పెద్దాయన చెప్పుల సంగతి నువ్వు మీ వదినకి రాసిన ఉత్తరంలో చదివాను. కొట్టునుంచి తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. తను ఏది దాచినా బియ్యం డబ్బాలోనే దాస్తుంది.

నీ దగ్గర అబద్ధం ఎందుకు? నీ అనుమానం పూర్తిగా తప్పు కాదు.

సముద్రం వింటాననడం నిజమే. విన్నాక ఏం చెయ్యాలన్నది మీ వదినకి చెప్పలేదు. పూర్తిగా నిర్ణయించుకున్నానని కూడా అనను. ఇంట్లో ఉండగా ఆ ఆలోచన వస్తూ పోతూ ఉండేది. రెండో రోజు పొద్దున తను స్నానానికి వెళ్ళినప్పుడు వచ్చింది, ఈసారి పోలేదు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. చల్లగా ఉంది. పైనుంచి ఎవరో పిల్ల చెయ్యి ఊపింది. నేనూ ఊపాల్సి వచ్చింది. అంతలో తలుపు మీద దబదబా. తువ్వాళ్ళు. తలుపు తీసి, తీసుకుని, వేసి, మళ్ళీ బాల్కనీలోకి వచ్చేసరికి పైన ఎవరో పియానో మొదలుపెట్టారు. పియానోలో వేలితో నొక్కే ఒక్కో మెట్టుకి మూడు తీగలుంటాయి, తెలుసుగా. నడిమి మెట్టులో ఒక తీగ జారిపోయి స్వరం వణుకుతోంది. ఉన్న కాస్త చెవిలో అది రంపంలా దిగింది. అది వింటూ ఎవడికి చావాలనిపిస్తుంది? ఒళ్ళు మండిపోయింది. చెప్పులేసుకుని పైకి వెళ్ళాను.

వాయించే ఆవిడ దగ్గర శ్రుతి చేసే తాళం ఉంది గానీ వాడటం రాదు. నేను చెక్కకి మోచెయ్యి ఆనించి వణుకు పట్టుకున్నాను, ఆవిడ చెవితో విని తల ఊపేది. చెవి లేకుండా కూడా సగం పని అవుతుందని నాకు ఆ ఏడు రోజుల్లో తెలిసింది. సగమే. మిగతా సగానికి ఇంకొకరు కావాలి. మొన్న పియానోల కొట్టుకి వెళ్ళి, తీగలు బిగించే ఆవిడని నా సంచీ నాకివ్వమని అడిగాను. ఇచ్చింది.

ఆ ఆలోచన సంగతి డాక్టరుకి చెప్పాను. ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు, వారం వారం వెళ్తున్నాను. మీ వదిన అది కూడా చెవి కోసమే అనుకుంటోంది. కొన్నాళ్ళు అలాగే అనుకోనీ. ముప్పై ఏళ్ళు నా పక్కన పడుకున్న మనిషి, తన పక్కన ఉండగానే నాకా ఆలోచన వచ్చిందంటే తట్టుకోలేదు. చెప్పాల్సిన రోజున నేనే చెప్తాను. ఆ ఆలోచన మళ్ళీ వస్తే మాత్రం ముందు నీకు తెలుస్తుంది, మాటిస్తున్నాను.

తను నిన్ను తిట్టి రాసిందని తెలుసు. రాస్తుంటే చూశాను. నిన్ను వెనకేసుకొస్తే కారణం చెప్పాలి. అందుకని నేనూ ఊరుకున్నాను. నా పిరికితనం నీ నెత్తిన పెడుతున్నాను.

నీ నోట్లో ఈ ఒక్క నువ్వుగింజ నాననివ్వమ్మా.

అన్నయ్య

*

ఓడ, ఆరో అంతస్తు, దుప్పట్ల గది
జూన్ 2

వదినా,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటే ఇంకో ఉత్తరం కూడా వచ్చింది, అది పని మీద.

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. నేను అనవసరంగా భయపడ్డాను. ఏమీ లేనిచోట ఏదో ఊహించుకుని, ఆయన ఆఖరి రోజుల వినికిడినీ, నీ పక్కన ఉండాల్సిన మనిషినీ నీకు కాకుండా చేశాను. అన్నయ్యకి అలాంటి ఆలోచన వస్తుందని అనుకోవడమే నా బుద్ధితక్కువతనం.

సెప్టెంబరులో సెలవు మీద వస్తాను. గుమ్మంలోనే తిట్టు, నిలబడి వింటాను. కుట్టుమిషను మీద గుడ్డ తీసెయ్యి, ఇంక ఆయనకి నొప్పి ఉండదు కదా. నువ్వు కుడుతుంటే అన్నయ్యని ఆ బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చోమను. ఎందుకని అడగకు, ఊరికే కూర్చోమను.

ఏం సమాధానం చెప్తావని అడిగావు. రెండు రోజులు ఆలోచించాను.

ఏమీ లేదు వదినా. నా దగ్గర సమాధానం లేదు.

గంట